డిక్కీలో చిల్లు

పోయిన వారం అక్కను తమ్ముడి వర్క్‌షాపు గేటు దగ్గర వానలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో గొడుగు ఉండి కూడా తెరవలేదేమిటని కొందరు పాఠకులు కోప్పడ్డారు. తెరిచే ధ్యాస ఉంటే కదా! ఆ ముందు రాత్రి నుంచి ఆమె బుర్రలో ఒకటే ఆలోచన. కారులో సీసా దొరుకుతుందా, దొరకదా?

మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. అక్క కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షలు చేస్తుంది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు, రోజంతా కారులో తిరిగే ఉద్యోగం. వర్క్‌షాపులో చిన్నా పెద్దా అందరూ అతన్ని 'బావ' అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. బావ ఒకప్పుడు తాగేవాడు. మానేసి చాన్నాళ్ళయింది. అలాంటివాడు ఈ మధ్య సాయంత్రాలు ఎర్రబడ్డ మొహంతో, తల పట్టుకుని, కాళ్ళు తడబడుతూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అడిగితే తలనొప్పి అనేవాడు. తాగే రోజుల్లోనూ సరిగ్గా అదే మాట అనేవాడు. ఆఖరికి ఓ పొద్దున, ఎదురుగా పిల్లి కూడా రాని తిన్నటి రోడ్డు మీద, కారు తీసుకెళ్ళి వంతెన గోడకు కొట్టాడు.

బయటికి లాగినవాళ్ళు వాంతి చేసుకున్నాడన్నారు, మాట ముద్దగా వచ్చిందన్నారు. రక్తపరీక్ష చేసేసరికి మర్నాడైంది, అందులో ఏమీ తేలలేదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు చుట్టాలు. అక్క ఇంకో అడుగు ముందుకేసింది. ఆసుపత్రి వరండాలో, పదిమంది వింటుండగా, "తాగేవాడికి నా ఇంట్లో చోటు లేదు" అనేసింది. ఆమె అత్తగారు వయసంతా డ్రైవింగ్ స్కూలు నడిపి ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి. ఆవిడ గొంతు పెంచలేదు. "నా కొడుకు తాగలేదు. నీ ఇంట్లో చోటు లేకపోతే నా ఇంట్లో ఉంది. డిశ్చార్జ్ రోజున నేనే తీసుకెళ్తా, నువ్వు రానక్కర్లేదు" అంది. ఆ తర్వాత కోడలితో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.

ఆ డిశ్చార్జ్ ఈ రోజే.

అక్క గేటు తోసుకుని లోపలికి నడిచింది. రేకుల కప్పు మీద వాన దంచుతోంది. షట్టరు ముందు ఎప్పుడూ పెళ్ళికొడుకులా నిలబడే ఎర్ర కారు ఈ రోజు లేదు. తమ్ముడి షో బండి అది. కొత్తగా వచ్చే కుర్రకారుకి దాని చప్పుడు వినిపించి వాడు ఎగ్జాస్టులు, అంటే పొగ గొట్టాలు, అమ్ముతాడు. ఆ కారంటే అక్కకు మొదటినుంచీ ఒళ్ళు మంట. లేకపోవడమే మేలనుకుని, వెనక మూలన టార్పాలిన్ కింద ఉన్న తన భర్త కారు వైపు సాగింది.

"అక్కా!" తమ్ముడు పైపులు వంచే మెషీన్ ఆపి పరుగెత్తుకొచ్చాడు. "ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా. ఏం కావాలి?"

"తాళం."

"లోపలంతా గాజు పెంకులున్నాయి. ఏం కావాలో చెప్పు, నేను తీసిస్తా."

"ఏం కావాలో దొరికాక తెలుస్తుంది. తాళం ఇయ్యరా."

తమ్ముడి గురించి రెండు మాటలు. వర్క్‌షాపులో వాడి ముద్దుపేరు 'శ్రుతి'. ఇంజన్ గొంతు విని, పైపు ఎక్కడ మెలిక తిరగాలో, సైలెన్సర్ ఎంత పొడుగుండాలో చెప్పేస్తాడు. అక్క వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది. అబద్ధం చెప్పేటప్పుడు వాడి చెవులు ఎర్రబడతాయని ఆమెకు తెలుసు. ఇప్పటికింకా వాడి చెవులు మామూలుగానే ఉన్నాయి.

టార్పాలిన్ తీశారు. ముందుభాగం నలిగిపోయింది కానీ తలుపులు తెరుచుకుంటున్నాయి. అక్క సీట్ల కింద చెయ్యి పెట్టి తడిమింది. కొలత టేపు దొరికింది. లిఫ్టు తలుపులు తీసే తాళంచెవుల గుత్తి దొరికింది. డాష్‌బోర్డు అరలో తలనొప్పి మాత్రల అట్ట, సగం వాడేసి ఉంది. రాత్రి తాగినవాడికి పొద్దున మాత్రలు కావాలి కదా అనుకుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనపడుతుందని ఊరికే అన్నారా? ఊరందరి చూపూ సరిచేసే మనిషి కదా అని ఆమెకేం మినహాయింపు లేదు.

వెల్డింగ్ మేస్త్రీ కళ్ళకున్న నల్ల అద్దాలు నుదుటి మీదకి తోసుకుని దూరంనుంచి చూస్తున్నాడు. "అమ్మా, దేనికోసమో చెబితే మేమూ ఓ చెయ్యి వేస్తాం" అన్నాడు.

"సీసా కోసం" అంది అక్క, దాచకుండా.

మేస్త్రీ అద్దాలు మళ్ళీ కళ్ళ మీదకి దించేసుకున్నాడు.

"అక్కా, బావ తాగలేదు" అన్నాడు తమ్ముడు. "నాకు తెలుసు. నా దగ్గరికి వారానికి రెండుమూడుసార్లు వచ్చేవాడు. నాకు వాసన తెలీదా?"

"నీకు తెలిసేది చప్పుడొక్కటే. డిక్కీ తియ్."

డిక్కీలో పనిముట్ల పెట్టె, పాత చొక్కా, బావ సైటులో వేసుకునే బూట్లు. అన్నీ ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. మ్యాట్ ఎత్తింది. స్టెప్నీ టైరు పైకి లేపమంది. తమ్ముడు లేపాడు, కానీ ఎందుకో చాలా నెమ్మదిగా లేపాడు. సీసా లేదు.

సీసా ఉండాల్సిన చోట నేల రేకులో గుండ్రటి చిల్లు ఉంది. ఆవగింజంత కన్నం కాదు, చేతి గాజు పట్టేంత చిల్లు. అందులోంచి కింద సిమెంటు నేల కనపడుతోంది. చిల్లు చుట్టూ రేకు నల్లగా ఉంది. అక్క వేలు పెట్టి రాసింది. వేలికి మసి అంటుకుంది. చేతిలో ఉన్న మ్యాట్ తిరగేసి చూస్తే, దాని అడుగునా అదే కొలతకు నల్లటి మరక.

"ఇదేంట్రా?"

"గుద్దినప్పుడు ఊడిపోయుంటుంది. ప్రతి కారుకీ అక్కడొక రబ్బరు మూత ఉంటుంది. దెబ్బకి..."

"గుద్దింది ముందు. ఊడింది వెనకా?"

అక్క చిల్లు అంచు మీద వేలు తిప్పింది. ఎక్కడా చిరగలేదు, వంగలేదు. ఈ మసి ఒక్కరోజులో పట్టింది కాదు, పొర మీద పొర పేరుకుంది. డిక్కీ పక్కనున్న చిన్న అరలో చెయ్యి పెట్టింది. పసుపు గుడ్డలో చుట్టి, జాగ్రత్తగా ముడేసిన రబ్బరు మూత చేతికి తగిలింది. పసుపు గుడ్డలు ఆ వర్క్‌షాపులో తమ్ముడు తప్ప ఇంకొకరు వాడరు. కొత్త పైపు మీద వేలిముద్రలు పడకూడదని వాడి పట్టింపు.

ఆమె తలెత్తి చూసింది. వాడి చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

"నువ్వే తీశావు."

"అక్కా..."

"ఎందుకు తీశావు?"

"బావే అడిగాడక్కా." వాడు టైరు కింద పెట్టేసి, దాని మీదే కూలబడ్డాడు. "ఆ ఎగ్జాస్టు బావ ఎందుకు కొన్నాడో నీకు తెలుసు కదా?"

తెలుసు. తాగుడు మానినందుకు తనకు తాను ఇచ్చుకున్న బహుమతి అని చెప్పాడు. సీసాల మీద తగలేసేది దాచుకుని కొన్నాడు. ఆ రోజు అక్క ఏమందో కూడా ఆమెకు గుర్తుంది. "పొగ పోయే గొట్టానికి ఇంత పోస్తావా? రేపట్నుంచి బండి ఎగురుతుందా?" అంది. అతను నవ్వి, "ఎగరదులే, పాడుతుంది" అన్నాడు.

"బిగించాక పక్కన కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పాను. అద్దాలు మూసి ఏసీ వేశాడు. ఏముంది, లోపలికి చప్పుడు రాదు. ఆ బండి అలాంటిది, బయట పిడుగు పడ్డా లోపల వినపడదు. బావ మొహం చూడాలి నువ్వు! 'ఒరే, అంత పెట్టి కొంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా. రోడ్డు మీద వాళ్ళు వినడానికా నేను కొన్నది' అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు."

"నిజం చెప్పాల్సింది."

"ఏం నిజం?" తమ్ముడు మొదటిసారి గొంతు పెంచాడు. "ఈ పైపుల వల్ల బండి జోరు రవ్వంత పెరుగుతుంది, మేం చెప్పినంత కాదని చెప్పనా? పెట్రోలు మిగలదని చెప్పనా? జనం కొనేది చప్పుడే అక్కా. ఆ ఒక్కటీ వినపడకపోతే నేనింక దేనికి డబ్బు తీసుకున్నట్టు? సొంత బావ దగ్గర! అందుకే ఆ మూత తీశా. వెంటనే లోపల ఎంత బాగా వినపడిందో తెలుసా? బావ కళ్ళు మూసుకుని విన్నాడు."

"చప్పుడు వచ్చే దారిలో పొగ రాదట్రా?"

"గొట్టం మూతి ఇంకా వెనక్కుంది. పొగ వెనక్కే పోతుందనుకున్నా."

"మేస్త్రీ" అంది అక్క, తమ్ముడి మీద నుంచి చూపు తిప్పకుండా. "ఈ బండి పైకెత్తు."

లిఫ్టు మూలుగుతూ కారును పైకి లేపింది. ముగ్గురూ కింద నిలబడి తలెత్తి చూశారు. ముందువైపు అంతా తుక్కు. వెనక మాత్రం మెరిసే స్టీలు పైపు చెక్కుచెదరకుండా, కొన్ననాటి లాగే ఉంది. సరిగ్గా ఆ చిల్లు కింద పైపుకి ఒక అతుకు ఉంది. అతుకు మీది పట్టీ వదులైంది. అక్కడ్నుంచి పైకి, చిల్లు చుట్టూ, నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంది.

మేస్త్రీ పట్టీని వేలితో కదిపాడు. అది గలగలమంది. "గుంతల్లో వదులైనట్టుంది" అన్నాడు మెల్లగా. "పొగ శుభ్రం చేసే డబ్బా కూడా పీకేశాం కదా, గొంతు విప్పుకుంటుందని."

తమ్ముడు గోడకు ఆనుకున్నాడు. వాడికి ఎవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేదు. షట్టరు మూసి ఇంజన్ వెయ్యకూడదని ఆ పనిలో చేరినవాళ్ళకి మొట్టమొదట నేర్పే పాఠం. ఆ పొగకి పెద్దగా వాసనుండదు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, వాంతి. తాగినవాడు ఎలా తూలతాడో అలాగే తూలతాడు. ఇంకాసేపు పీలిస్తే మళ్ళీ లేవడు. వాడు ఆ సంగతి పనికొచ్చిన ప్రతివాడికీ తనే చెప్పాడు.

"ఆ షట్టరు నేనే మూశానక్కా" అన్నాడు. "బావని లోపల పెట్టి నేనే మూశాను."

అక్క వినడం లేదు. ఆమె చెవిలో ఇంకో మాట తిరుగుతోంది. తాగలేదు. ఆయన తాగలేదు. తలనొప్పి అంటే తలనొప్పే. ప్రతి సాయంత్రం గుమ్మంలో నిలబెట్టి నోరు వాసన చూసినప్పుడు, ఆ మనిషి ఎంత సిగ్గుతో తలొంచుకున్నాడో గుర్తొచ్చింది. వాసన రాకపోతే, రాకుండా ఏదో నమిలి వచ్చాడని కూడా అంది. ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషమూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక, చేతికున్న మసి చీరకు తుడిచేసుకుంది.

"నీ సంగతి తర్వాత" అంది తమ్ముడితో. "నిన్ను కొట్టాలని ఉంది, కొడతాను కూడా. ముందు ఆయన కాళ్ళ మీద పడాలి నేను." ఫోన్ తీసింది. భర్త ఫోన్ ప్రమాదంలో ముక్కలైంది. అత్తగారికే చెయ్యాలి. ఆవిడ ఎత్తుతుందా? ఎత్తినా తిట్టకుండా వింటుందా? తిట్టనీ, ఈ రోజు ఎన్ని తిట్లయినా తీపే. నంబరు నొక్కబోతూ ఆగి, "ఇంకెవరి కార్లకైనా ఇలా తీశావా?" అని అడిగింది.

"లేదక్కా. బయటివాళ్ళకెవరికీ తియ్యలేదు. ఒక్క నా..." అని వాడు ఆగిపోయాడు.

"నీ?"

"నా ఎర్ర బండికి తీశా. అది షో బండి కదా, ఇంకా బాగా వినపడాలని... దానికి రెండు మూతలూ తీశా."

"మరి నువ్వు రోజూ దాన్లోనే తిరుగుతావు. నీకేం కాలేదే?"

"నేనెప్పుడూ అద్దాలు దించుకునే తిరుగుతానక్కా. బజారంతా వినాలని."

అక్క షట్టరు వైపు చూసింది. ఎర్ర కారు నిలబడే చోట వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. "అదెక్కడుందిప్పుడు?"

జవాబు మేస్త్రీ చెప్పాడు. "పొద్దున మీ అత్తగారు ఈ కారు చూసిపోదామని వచ్చారమ్మా. పక్కటెముకలు విరిగిన మనిషిని డొక్కు టాక్సీలో ఎలా తీసుకెళ్తారని మీ తమ్ముడే ఇచ్చాడు. ఆవిడ వద్దంటే బలవంతాన తాళం చేతిలో పెట్టాడు. అప్పుడింకా వాన మొదలవలేదు."

ముగ్గురూ ఒక్కసారే కప్పు వైపు చూశారు. వాన ఏమాత్రం తగ్గలేదు.

అక్క నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అలిగి ఎత్తడం లేదా? కాదు. స్టీరింగ్ మీద చేతులుంటే అత్తగారు ఫోన్ ముట్టదు. శిష్యుల్లో ఎవడైనా ముట్టాడని తెలిస్తే దారిలో దింపేసి నడిచి రమ్మనేది. పెళ్ళయిన కొత్తలో అక్క కూడా ఆవిడ దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది, ఒకసారి అలా నడిచి కూడా వచ్చింది. "మోగితే మోగనీ, కొంప మునిగిపోదు" అనేది ఆవిడ.

"జీపు తియ్!" అని అరిచింది. తమ్ముడు అప్పటికే పరుగెత్తాడు. కానీ ఎటు వెళ్ళాలి? ఆసుపత్రి నుంచి అత్తగారింటికి రెండు దార్లున్నాయి. ఒకటి మార్కెట్ మీదుగా, ఒకటి కాలువ గట్టు మీదుగా.

మూడోసారి చేసింది. ఈసారి ఎత్తారు.

"అత్తయ్యా! అత్తయ్యా, నేను!"

"తెలుస్తోందిలే అమ్మాయ్." గొంతు మెత్తగా ఉంది. ఇన్నేళ్ళలో ఆ గొంతు అక్కతో అంత మెత్తగా మాట్లాడింది లేదు. "ఫోన్ ఎత్తానంటే బండి ఆపినట్టే. నీకు తెలుసు కదా."

"ఎక్కడ ఆపారు?"

"ఏం వానో, రోడ్డు కనపడి చావట్లేదు. తల పగిలిపోతోంది నాకు. కాసేపు పక్కకి తీశా. వాడికి చలిగా ఉందంటే వేడిగాలి పెట్టి ఉంచా. ఇంజన్ ఆపలేదులే."

"ఆపండి! అత్తయ్యా, ముందు ఇంజన్ ఆపండి. అద్దాలు దించండి. తలుపులు తీసి ఇద్దరూ బయటికి రండి!"

"వానలోనా? అరవకు. వాడిప్పుడే నిద్రపోయాడు." ఊపిరి బరువుగా వినపడింది. "నిద్రపోయే ముందు నీ గురించే అడిగాడు. నమ్మిందా అమ్మా, అన్నాడు. నేనేం చెప్పను?"

"నమ్మాను అత్తయ్యా. ఆయన తాగలేదు, నాకు తెలిసిపోయింది. ఆ పొగే చేసిందంతా. అదే పొగ ఇప్పుడు మీ కార్లోకి వస్తోంది. నా మాట వినండి, మీకు దణ్ణం పెడతా. తాళం తిప్పండి. ఎక్కడున్నారో చెప్పండి, మార్కెట్ దారా, కాలువ గట్టా?"

"పొగా? పొగేం లేదే..." మాట ముద్దగా వచ్చింది. "తాళం... తిప్పుతా ఉండు. చెయ్యి... ఈ చెయ్యేంటి, లేవట్లేదు..."

ఏదో కింద పడిన చప్పుడు.

"అత్తయ్యా!"

తమ్ముడు జీపు గుమ్మం ముందుకి తెచ్చి దూకాడు. "ఏమన్నారు? ఏ దార్లో ఉన్నారు?"

అక్క ఫోన్ స్పీకర్లో పెట్టి వాడి ముందుకు చాపింది. ఫోన్ కట్ కాలేదు. అవతల ఎవరూ మాట్లాడటం లేదు. ఆ ఎర్ర కారు ఇంజన్ మాత్రం, వాడు నెలల తరబడి చెవి పెట్టి సరిచేసిన ఆ గొంతుతోనే, ఒక్క అపస్వరం లేకుండా నడుస్తూనే ఉంది.